బాపు డబుల్ బ్యారెల్: ఉంచుకోవాలా, ఇచ్చేయాలా?

పోయిన సంచికలో ఇంట్లో ఎలుకల బెడద గురించి అడిగిన ఒకావిడకు జవాబు రాస్తూ, "మా ఇంట్లో డబుల్ బ్యారెల్ తుపాకీ ఉంది, అయినా ఎలుక కనపడితే మంచమెక్కేది నేనే" అని మాట వరసకు అన్నాను. ఎలుకను అందరూ మరిచిపోయారు. తుపాకీ గురించి మాత్రం పదకొండు ఉత్తరాలు వచ్చాయి. అందులో నాలుగు ఏరి ఈసారి పేజీ మొత్తం వాటికే ఇస్తున్నాను. నేను వకీలునూ కాదు, పోలీసునూ కాదు. నర్సంపేట వైపు పుట్టి, ముప్ఫై ఏళ్లు సర్కారు బడిలో ఫిజిక్స్ చెప్పి, రిటైరై హనుమకొండలో ఉంటున్నవాణ్ణి. ఆ హద్దులోనే చదవండి.

ప్రశ్న: సార్, నమస్తే. మాది పరకాల దగ్గర పల్లె. మూడు నెలల కింద మా బాపు చనిపోయాడు. ఆయన పేరు మీద లైసెన్సుతో 12 బోర్ డబుల్ బ్యారెల్ ఉంది. గొట్టం మీద ఇషాపూర్ అని ఉంది. ఇప్పుడది బీరువాలో చీరల వెనక ఉంది, పక్కన డబ్బాలో పన్నెండు తూటాలు. గొట్టాల మీద తుప్పు మచ్చలు పడ్డాయి. అన్న అమ్మేద్దామంటాడు, అమ్మ ఎవరినీ ముట్టనివ్వదు. మా బావమరిది అయితే గొట్టాలు సగానికి కోయిస్తే చేతికి అనువుగా ఉంటుందంటాడు. మీ దగ్గరా ఉందన్నారు కదా, అసలు అది ఇంట్లో ఉండడం ఎట్లా ఉంటుంది? మేం ఉంచుకోవాలా, ఇచ్చేయాలా?

జవాబు: తమ్మీ, ముందు మీ బావమరిది చేతిలోంచి రంపం లాక్కోండి. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం, దానికంటూ విడిగా లైసెన్సు లేకుండా గొట్టం పొట్టిగా కోయడం నేరం. ఆత్మరక్షణకు ఇచ్చే మామూలు నున్న గొట్టపు తుపాకీకి 20 అంగుళాల కంటే తక్కువ పొడవు ఉండకూడదని కూడా ఆ చట్టంలోనే ఉంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, తుపాకీ పనితనమంతా గొట్టం కొసన ఆ చివరి రెండంగుళాల్లోనే ఉంటుంది. ఎందుకో కింద రెండో ప్రశ్నలో చెప్తాను.

ఇక బీరువా సంగతి. లైసెన్సు మీ బాపుది. ఆయనతోనే పోయింది. చీరల వెనక ఉన్నది ఈ రోజు చట్టం దృష్టిలో లైసెన్సు లేని ఆయుధం, మీ ఇంట్లో దుఃఖం ఉందన్నది దానికి అనవసరం. మీ ఠాణాకు ఫోన్ చేసి విషయం చెప్పండి. ఎట్లా తెమ్మంటారో, లేక వాళ్లే వచ్చి తీసుకుంటారో అడగండి. తుపాకీ, తూటాలు, లైసెన్సు పుస్తకం మూడూ అప్పగించి రశీదు తీసుకోండి. రశీదులో తుపాకీ నంబరు, గొట్టాల పొడవు, ఎన్ని తూటాలు, పైన ఏ గీతలున్నాయి, అన్నీ రాయించండి. లైసెన్సున్న ఆయుధాల డీలరు దగ్గరైనా డిపాజిట్ చేయవచ్చు. ఆ పాత తూటాలను బావిలో వేయడం, పొయ్యిలో పెట్టడం లాంటివి చేయకండి. వేసినవాళ్లను నేను ఎరుగుదును.

డిపాజిట్ చేశారంటే వదులుకున్నట్టు కాదు. 2016 ఆయుధాల నియమాల్లో 25వ నియమం వారసుల కోసమే ఉంది. మీ అన్నదమ్ముల్లో ఒకరు, మిగతావాళ్ల సమ్మతితో, తన పేరు మీద లైసెన్సుకు పెట్టుకోవచ్చు. మరణ ధ్రువీకరణ, వారసుల ధ్రువీకరణ, పాత లైసెన్సు సిద్ధం చేసుకోండి. వరంగల్ కమిషనరేట్ పరిధిలో అయితే లైసెన్సు ఇచ్చేది పోలీస్ కమిషనర్, కమిషనరేట్ లేని జిల్లాల్లో కలెక్టర్. వద్దనుకుంటే డిపాజిట్‌లో ఉండగానే లైసెన్సు ఉన్న మరొకరికి అమ్మించే హక్కు మీకుంది. గడువు లోపల ఏదో ఒకటి తేల్చుకోకపోతే అది సర్కారుకు జప్తవుతుంది. మీ అన్నకూ అమ్మకూ ఈ పేరా చదివి వినిపించండి.

సరే, ఇప్పుడు మీరు అసలు అడిగింది. ఇంట్లో ఉండడం ఎట్లా ఉంటుందని.

మా బాపు పోలీస్ పటేల్. 1961లో హైదరాబాద్ వెళ్లి ఒక జత ఎడ్ల ధర పోసి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. బర్మింగ్‌హామ్‌లో చేసిన వెబ్లీ అండ్ స్కాట్. తూటాను కొట్టి పేల్చే సుత్తుల్లాంటి గుర్రాలు బయటికి కనపడవు, లోపలే ఉంటాయి. పై మీటను బొటనవేలితో కుడికి తోస్తే గొట్టాలు తల వంచుతాయి. ఆ వంగే బరువుతోనే లోపలి గుర్రాలు రెండూ బిగుసుకుంటాయి. 1875లో యాన్సన్, డీలీ అనే ఇద్దరు కనిపెట్టిన ఏర్పాటు అది. నూటయాభై ఏళ్లయినా దానికి కలపాల్సిందీ తీసేయాల్సిందీ పెద్దగా ఏమీ లేదు. పిల్లలకు మీట సూత్రం చెప్పేటప్పుడల్లా నాకు అదే గుర్తొచ్చేది. క్లాసులో మాత్రం కత్తెరా, అడకత్తెరా అనే చెప్పాను.

బరువు మూడు కిలోలకు అటూ ఇటూ. చేతిలో పెట్టుకుంటే అంత అనిపించదు, ఎందుకంటే బరువంతా రెండు చేతుల మధ్యలోనే ఉంటుంది. మూసినప్పుడు వచ్చే 'ఠక్' అనే చప్పుడు ఉంది చూడండి, మంచి బీరువా తలుపు పడ్డట్టు ఒక్కటే చప్పుడు, రెండోది ఉండదు. కుందా, అంటే భుజానికి ఆనించే భాగం, అక్రోటు చెక్క. బాపు దవడ ఆనే చోట రంగు పోయి నున్నగా తేలింది. నేను పెడితే నా దవడ అక్కడికి రాదు, ఆయన మెడ పొడుగు.

చిన్నప్పుడు నాకు ఆ తుపాకీ అంటే కౌజు పిట్టల కూర. 1967, 68 ప్రాంతంలో పాకాల వైపు నుంచి బాపు నాలుగైదు కౌజులు తెచ్చేవాడు. కూరలో ముక్క నములుతుంటే పంటి కింద 'కటుక్'మని ఛర్రా, అంటే తూటాలోని చిన్న గుండు, తగిలేది. తీసి పళ్లెం అంచున పెట్టేవాళ్లం, ఎవరి పళ్లెంలో ఎన్నొచ్చాయో అక్కాచెల్లెళ్లూ నేనూ లెక్క పెట్టుకునేవాళ్లం. అది సీసమని, ఒంటికి మంచిది కాదని ఎవరికి తెలుసు? 1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది. ఆ తర్వాత ఆ కూర లేదు, ఉండకూడదు కూడా.

తుపాకీ అంటే కూర కాదని నాకు తెలిసింది 1971 ఎండాకాలంలో. మోటబావి దగ్గర బాపు దాన్ని వేపచెట్టుకు ఆనించి, చిలుం వెలిగించుకుంటున్నాడు. రెండు గొట్టాల్లోనూ తూటాలున్నాయి. సేఫ్టీ వేసే ఉంది. మా కుక్క ఒళ్లు రుద్దుకుంటూ వచ్చి దాన్ని తోసింది. కుందా రాతి మీద పడింది, ఒక గొట్టం పేలింది. ఒడ్డున ఉన్న తోలు బొక్కెన జల్లెడైంది. బొక్కెనకు రెండు బారల దూరంలో మా జీతగాడు కూర్చుని సద్ది తింటున్నాడు. ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఎవరూ మాట్లాడలేదు. నీళ్లు బొట్లు బొట్లుగా కారుతున్న చప్పుడు నాకిప్పటికీ గుర్తు.

ఇట్లాంటి తుపాకుల్లో సేఫ్టీ అన్నది ట్రిగ్గర్లను మాత్రమే ఆపుతుంది. లోపల బిగుసుకున్న గుర్రాన్ని ఆపదు. గట్టి దెబ్బ తగిలితే గుర్రం జారి పడుతుంది. ఆ రోజు తర్వాత బాపు ఎక్కడ ఆగినా, కాలువ దాటినా, మనిషి ఎదురైనా, తుపాకీ విరిచి, అంటే గొట్టాలు వంచి తెరిచి, తూటాలు చేతిలోకి తీసుకునేవాడు. విరిచి ఉన్న డబుల్ బ్యారెల్ ఊరందరికీ కనపడుతుంది, పేలదని దూరం నుంచే తెలుస్తుంది. దాని మొత్తం నిర్మాణంలో నాకు నచ్చిన గుణం అదొక్కటి చాలు. ఆ బొక్కెనను ఆయన పారేయలేదు. పశువుల కొట్టంలో దూలానికి వేలాడదీశాడు.

తర్వాత రోజులు మారాయి. మా వైపు పల్లెల్లో పటేళ్ల ఇళ్లకు, దొరల గడీలకు రాత్రిపూట నక్సలైట్ దళాలు వచ్చి తుపాకులు అడిగి తీసుకుపోతున్న కాలం. తుపాకీ ఉన్న ఇల్లే ముందు తెలిసేది. ఇంట్లో తుపాకీ ఉంటే ధైర్యం అంటారు, మా అవ్వ మాత్రం అది ఉన్నన్నాళ్లూ నిద్రపోలేదు. 1986లో బాపు దాన్ని ఠాణాలో డిపాజిట్ చేసి వచ్చిన రాత్రి ఆమె గురక పెట్టిందని మా చెల్లె ఇప్పటికీ చెప్తుంది. 1999లో బాపు పోయాడు. నేను కాగితాలన్నీ నడిపించి నా పేరు మీద లైసెన్సు తెచ్చుకునేసరికి 2006. అంటే మా తుపాకీ ఇరవై ఏళ్లు ఠాణాలోనే గడిపింది. తెచ్చి గొట్టంలోంచి చూస్తే ఎడమ దాంట్లో మశూచి మచ్చల్లాగా గుంటలు. పై భాగాన నంబరు చీటీ కట్టిన ఇనుప తీగ గీసిన గీత. ఎవరిని అడుగుతాం? అప్పటి వాళ్లెవరూ అక్కడ లేరు.

హైదరాబాద్‌లో తుపాకులు బాగుచేసే ఒక ముసలి మిస్త్రీ దగ్గరికి తీసుకుపోయాను. ఉర్దూ తప్ప మాట్లాడడు. దాన్ని 'దునాలీ' అనే అన్నాడు. గొట్టాలను విడదీసి, అడుగున ఉన్న కొక్కేన్ని చూపుడు వేలికి తగిలించి గాల్లో వేలాడదీశాడు. ఇంకో చేతి గోరుతో ఒక్కసారి తట్టాడు. గుడి గంట మోగినట్టు సన్నగా, చాలాసేపు మోగింది. ఆయన తల ఊపాడు. రెండు గొట్టాల నడుమ ఉండే పట్టీని టంకం వేసి అతికిస్తారు. టంకం ఎక్కడైనా వదిలితే గంట మోగదు, పగిలిన కుండలా జర్రుమంటుంది. తర్వాత గొట్టాలను కిటికీ వైపు తిప్పి లోపలి వెలుగు వలయాలు చూడమన్నాడు. వలయం ఎక్కడైనా వంకర పోతే అక్కడ సొట్ట ఉన్నట్టు. తుప్పు గుంటలు ఎంత లోతో కొలిచి, పరవాలేదన్నాడు. మీ తుపాకీ తుప్పు సంగతి కూడా ఇట్లా తెలిసినవాళ్లు చూసి చెప్పాల్సిందే. ఉప్పు కాగితంతో రుద్దేయకండి. నీలం రంగు పోతుంది, తుప్పు మళ్లీ వస్తుంది.

గొట్టాల అడుగు భాగాన చిన్న అచ్చులుంటాయి, భూతద్దం పెట్టి చదవండి. తూటా గది పొడవు అక్కడ ఉంటుంది. మా దానిది 65 మిల్లీమీటర్లు. ఇప్పుడు దొరికే తూటాలు ఎక్కువగా 70వి. ఇక్కడొక మాయ ఉంది: 70 తూటా 65 గదిలోకి హాయిగా దూరిపోతుంది. ఎందుకంటే 70 అన్నది తూటా పేలాక మూతి విప్పుకున్న పొడవు. మడత పెట్టిన మూతితో ఉన్నప్పుడు అది పొట్టిగానే ఉంటుంది. పేల్చినప్పుడు మూతి విచ్చుకోవడానికి చోటు చాలక లోపలి ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. "పట్టింది కదా" అని నమ్మడానికి ఇది చెప్పు కాదు.

ఇక పోషణ. వానాకాలంలో పదిహేను రోజులకోసారి, మిగతా రోజుల్లో నెలకోసారి తీస్తాను. మూడు ముక్కల కడ్డీ, పాత ఫ్లానెల్ గుడ్డ, కుట్టు మిషన్ నూనె. కుందాకు అవిసె నూనె, రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని వేడెక్కేదాకా రుద్దాలి. చేత్తో ముట్టిన ఇనుమంతా తుడవాలి, చెమట వేలిముద్రలే తుప్పవుతాయి. తోలు సంచిలో దాచకూడదు, తోలు చెమ్మ పట్టి ఉంచుతుంది. నోరు కిందికి ఉండేట్టు నిలబెడతాను. లేదంటే నూనె జారి చెక్కలోకి దిగి చెక్క మెత్తబడుతుంది. తుపాకీ ఒక తాళం కింద, తూటాలు ఇంకో తాళం కింద. రెండో తాళం చెవి ఎక్కడుందో మా ఆవిడకు తెలుసు, మనవడికి తెలియదు.

నా తెలివి కూడా చెప్పాలి కదా. 2007లో కొబ్బరి నూనె పూశాను. ఇంట్లో ఉంది, మంచి నూనే కదా అని. డిసెంబరులో ఒక పొద్దున చూస్తే పై మీట కదలదు. గుంజితే మూలుగుతుంది. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుందని తొమ్మిదో తరగతికి నేనే చెప్పాను. హనుమకొండ చలికాలం పొద్దున పదిహేను డిగ్రీలు. మిస్త్రీ మొత్తం విప్పి కిరోసిన్‌తో కడగాల్సి వచ్చింది. ఏమీ అనలేదు, ఇది తలకు పూసేది అన్నట్టు తన జుట్టు వైపు వేలు చూపించాడు.

ఎన్నికలు వచ్చినప్పుడల్లా తుపాకీని డిపాజిట్ చేసే టెన్షన్ ఒకటి. 2023లో అసెంబ్లీకి ఇచ్చాను, తెచ్చుకుని తుడిచి పెట్టానో లేదో 2024లో లోక్‌సభకు మళ్లీ ఇచ్చాను. ఇచ్చేముందు గొట్టాల్లో నూనె మందంగా పట్టించి, ఫోటోలు తీసి ఇవ్వండి. రెన్యువల్ ఒకప్పుడు మూడేళ్లకోసారి ఉండేది, 2019 సవరణతో ఐదేళ్లయింది. ఆ సవరణే ఒక మనిషికి తుపాకులు రెండుకు మించకూడదన్నది, వారసత్వంగా వచ్చినా సరే. పెళ్లి బరాత్‌లో సరదాగా గాల్లోకి పేల్చడానికి రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా పెట్టింది కూడా అదే. మీ బావమరిదికి ఇది కూడా చెప్పండి.

ఈ ఇరవై ఏళ్లలో నేను కాల్చింది మొత్తం పదకొండు తూటాలు, అన్నీ షూటింగ్ రేంజిలోనే. తుడిచిన సార్లు మూడొందలు దాటి ఉంటాయి. అదీ ఇంట్లో తుపాకీ ఉండడం అంటే. మీ అన్నదమ్ముల్లో ఎవరికి ఆ తుడిచే ఓపిక ఉందో చూసుకోండి. ఉంటే వాళ్ల పేరు మీదికి మార్పించండి. లేకపోతే అమ్మను కూర్చోబెట్టి మాట్లాడి ఇచ్చేయండి. ఆమె ముట్టనివ్వనిది తుపాకీని కాకపోవచ్చు. ఆయన వస్తువుల్లో ఇంకేదైనా, చేతి గడియారమో తువ్వాలో, ఆమె దగ్గర ఉందా లేదా ఒకసారి చూడండి.

ప్రశ్న: 12 బోర్ అంటే 12 మిల్లీమీటర్లా? ఒకే తుపాకీకి రెండు ట్రిగ్గర్లు ఎందుకు? — ఇంటర్ విద్యార్థి, హుజూరాబాద్

జవాబు: ఇట్లాంటి ప్రశ్న వచ్చిన రోజు నాకు పెన్షన్ రెండుసార్లు పడ్డట్టుంటుంది. కాదు బాబూ. ఒక పౌండు సీసాన్ని పన్నెండు సమానమైన గుండ్లుగా చేస్తే, ఆ ఒక్క గుండు సరిగ్గా పట్టే గొట్టం 12 బోర్. కొలిస్తే దాదాపు 18.5 మిల్లీమీటర్లు. అదే పౌండును పదహారు గుండ్లు చేస్తే గుండు చిన్నదవుతుంది, అందుకే 16 బోర్ గొట్టం 12 కన్నా సన్నం. అంకె పెరిగితే గొట్టం చిక్కుతుంది.

ట్రిగ్గర్ల సంగతి. మామూలుగా ముందుది కుడి గొట్టానికి, వెనకది ఎడమ గొట్టానికి. రెండు గొట్టాలూ చూడ్డానికి కవలలే కానీ ఒకటి కాదు. మూతి దగ్గర లోపల కొద్దిగా ఇరుకు చేస్తారు, దాన్ని చోక్ అంటారు. కుడి దానికి ఇరుకు తక్కువ, ఎడమ దానికి ఎక్కువ. నీళ్ల పైపు మూతిని వేలితో నొక్కితే ధార దూరం పోతుంది చూడు, దాదాపు ఆ పోలికే. పిట్ట మొదటి దెబ్బకు దగ్గరగా ఉంటుంది, తప్పిపోతే రెండో దెబ్బకు దూరం పోయి ఉంటుంది. అందుకే ముందు వెడల్పుగా చల్లేది, తర్వాత చిక్కగా కొట్టేది. పూర్తి చోక్ ఉన్న గొట్టం 40 గజాల దూరంలో 30 అంగుళాల వృత్తంలో దాదాపు 70 శాతం ఛర్రాలు దింపుతుంది. చోక్ అసలే లేనిది 40 శాతం. గొట్టం కోయడం ఎందుకు పిచ్చి పనో పరకాల ఆయన ఇక్కడ చదువుకోవచ్చు.

నీకొక లెక్క. ఛర్రాల బరువు 28 గ్రాములు, వేగం సెకనుకు 400 మీటర్లు, తుపాకీ మూడు కిలోలు. తుపాకీ వెనక్కి ఎంత వేగంతో తన్నుతుంది? సెకనుకు 3.7 మీటర్లు వస్తే నువ్వు పాస్. మందు వాయువుల తోపు కూడా కలిస్తే ఇంకాస్త ఎక్కువే. కుందాకూ భుజానికీ మధ్య వేలెడు సందు వదిలినవాడికి ఆ లెక్క జన్మలో మరిచిపోయే పని లేదు. నాకు పదిహేనేళ్లప్పుడు బాపు కావాలనే చెప్పకుండా కాల్పించాడు. వారం రోజులు కుడి చేత్తో అన్నం తినలేదు.

ప్రశ్న: మా మక్క చేనును అడవి పందులు దున్నేస్తున్నాయి. నాకు లైసెన్సు తుపాకీ ఉంది. కాల్చవచ్చా? — రైతు, ములుగు

జవాబు: లైసెన్సు తుపాకీ ఉంచుకోవడానికి, వేటకు కాదు. పంటను పాడుచేసే పందుల విషయంలో కూడా అధికారం ఉన్న అధికారి రాతపూర్వకంగా అనుమతిస్తేనే, అదీ వాళ్లు అనుమతించిన వ్యక్తే కాల్చాలి. పైగా మీది ఏటూరునాగారం అభయారణ్యం ఉన్న జిల్లా. ముందు అటవీ శాఖ రేంజి ఆఫీసులో దరఖాస్తు పెట్టండి, పంట నష్ట పరిహారానికి కూడా అప్పుడే రాసివ్వండి. రాత్రి చేనులో కదిలేది పంది అని మీకెట్లా తెలుస్తుంది? ఛర్రాలు రెండొందల మీటర్లు దాటి కూడా పోతాయి, పక్క చేనులో మంచె మీద కూడా మనిషే ఉంటాడు. ఇంకొకటి, మీరు అడగకపోయినా చెప్తున్నా: చేను చుట్టూ కరెంటు తీగ మాత్రం పెట్టకండి. దానికి పందుల కన్నా తెల్లారి చెంబు పట్టుకుని వెళ్లినవాళ్లే ఎక్కువ భయపడాలి.

ప్రశ్న: సార్, మీ తర్వాత ఆ తుపాకీ ఎవరికి? — ఒక పాఠకురాలు, జనగామ

జవాబు: అమ్మా, సూటిగా అడిగారు. ఇంకో రెండేళ్లకు నాకు డెబ్బై. ఆ వయసు వస్తే బతికుండగానే వారసుల్లో ఒకరికి ఇప్పించే వీలు నియమాల్లోనే ఉంది. మావాడు హైదరాబాద్‌లో పదకొండో అంతస్తులో ఉంటాడు, "డాడీ, నాకు బాల్కనీలో తులసి మొక్కకే టైం లేదు" అన్నాడు. న్యాయమైన మాటే. అమ్మాయి ఇక్కడే హనుమకొండలో ఉంటుంది. 2004లో ఏథెన్స్ ఒలింపిక్స్‌లో రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ డబుల్ ట్రాప్‌లో రజతం గెలిచినప్పుడు టీవీ ముందు నుంచి లేవలేదు. వాళ్ల తుపాకుల్లో గొట్టాలు పక్కపక్కన కాక ఒకదాని మీద ఒకటి ఉంటాయని నాకు చూపించింది కూడా తనే. అప్పుడు అడిగింది, తర్వాత చదువు, పెళ్లి, పిల్లలు, ఆ మాట ఎత్తలేదు.

మా బాపుకు చివరి రోజుల్లో ఎడమ చెవి వినపడేది కాదు. కుడి భుజానికి ఆనించి కాల్చేవాళ్లకు గొట్టాల మూతి వైపు ఉండేది ఎడమ చెవే, కుడి చెవికి తల అడ్డం ఉంటుంది. ఆ రోజుల్లో చెవుల్లో దూది పెట్టుకున్నవాళ్లు కూడా లేరు. నేను కాల్చింది తక్కువ కాబట్టి నాకా బాధ లేదనుకున్నాను.

పోయిన ఆదివారం వరండాలో చాప పరిచి తుడుస్తుంటే అమ్మాయి వచ్చి కూర్చుంది. మిస్త్రీ నేర్పినట్టు గొట్టాలు వేలికి తగిలించి గోటితో తట్టి, "చూడు, గుడి గంట" అన్నాను. తను కళ్లు మూసుకుని విన్నది. ఇంకోసారి తట్టమంది. ఇంకోసారి.

"డాడీ, గంట ఆగిపోయేముందు చిన్నగా జర్రుమంటోంది, మీకు వినపడట్లేదా?"

నాకు గంట ఒక్కటే వినపడింది. ఈ నెలాఖరులో ఇద్దరం హైదరాబాద్ పోతున్నాం. ముసలి మిస్త్రీ ఇప్పుడు లేడు, ఆయన కొడుకు కూర్చుంటున్నాడట.